వడ్ల నడుమ ఖో-ఖో

మధ్యాహ్నం దుకాణంలో కునుకు పట్టినప్పుడల్లా నాకు ఒకటే కనిపిస్తుంది. పన్నెండు మంది ఆడపిల్లలు ఉత్త కాళ్లతో, ఎండబోసిన వడ్లలో వరుసగా నడుస్తుంటారు. వాళ్ల పాదాల వెనక సాళ్లు పడుతుంటాయి. ఎక్కడో వాన మొదలైనట్టు సన్నటి చప్పుడు. పైన దుమ్ము పసుపు వెలుగులా తేలుతూ ఉంటుంది.

కల కాదు. మొన్నటి వానాకాలం పంట చేతికొచ్చినప్పుడు, సూర్యాపేటలో మా స్టీలు సామాన్ల దుకాణం వెనకున్న బడి మైదానంలో జరిగిందే. బడి వదిలాక పిల్లలు ఆడుకోవాలంటే పెద్దవాళ్లు ఒకరు తోడుండాలని ఇళ్లల్లో అన్నారు. మా వీధి దుకాణాల వాళ్లం వంతులేసుకుని వెళ్లి కూర్చునేవాళ్లం. నా వంతు రోజు నేను మరీ శ్రద్ధగా కూర్చునేదాన్ని, దుకాణంలో దుమ్ము దులిపే పని తప్పేది కదా.

ఇంకో ఐదు రోజుల్లో మిర్యాలగూడలో ఉమ్మడి జిల్లా ఖో-ఖో జట్టుకు సెలక్షన్లు. జట్టు నాయకురాలు నడిగూడెం దిక్కు తండా పిల్ల, ఇక్కడ హాస్టల్లో తొమ్మిది చదువుతోంది. ఈసారి సెలక్ట్ కాకపోతే ఆట బంద్ చేయాలని వాళ్లమ్మ షరతు.

ఆ రోజు వెళ్లి చూస్తే మైదానం నిండా వడ్లు. ఖో-ఖో స్తంభాలు రెండూ వాటి మధ్య దిష్టిబొమ్మల్లా నిలబడ్డాయి. పక్క ఊరి ముసలి రైతు, ఆయన భార్య ఒక మూల కూర్చున్నారు. తేమ ఎక్కువుందని కొనుగోలు కేంద్రంలో వడ్లు కొనకుండా వెనక్కి పంపితే, ఇక్కడ ఎండబోసుకున్నారట.

నేను కోదాడ బజారులో, నాన్న గల్లాపెట్టె పక్కన పెరిగినదాన్ని. "నాకు వదిలెయ్యండి" అన్నాను పిల్లలతో.

సగం కావాలంటే మొత్తం అడగాలి. "మైదానమంతా ఖాళీ చెయ్యాలి కాకా."

"యాడికి ఎత్తుకపోవాలె బిడ్డా? నెత్తి మీద పోసుకోనా?"

"అయితే మాకొద్దులే" అని గిర్రున తిరిగి నడిచాను. అది నా బ్రహ్మాస్త్రం. పది అడుగులు వేసేలోపు ఎవరైనా వెనక్కి పిలవాల్సిందే. గేటు దాకా వెళ్లాను, ఎవరూ పిలవలేదు. అక్కడ వెలిగింది నాకు, నేను పోతే ఆయనకొచ్చే నష్టమేముందని! చెప్పు సర్దుకున్నట్టు వంగి, అలాగే వెనక్కి వచ్చాను.

అప్పటికే తండా పిల్ల ఆయన పక్కన గొంతుక్కూర్చుంది.

"తాతా, వడ్లు రోజుకెన్నిసార్లు తిప్పుతున్నవ్?"

"రెండుసార్లు బిడ్డా. మోకాళ్లు పట్టుకున్నయ్."

"గట్లయితే ఎప్పుడెండాలె? ఇంటర్‌వెల్‌ల, అన్నం బెల్లుల మేం తిప్పుతం. నాలుగింటికి గోడ పొంటి కుప్ప గూడ మేమే జేస్తం. మాకు నడుమ జాగ ఉంటే సాలు."

ముసలాయన భార్య నా వైపు చూసి నవ్వింది. "ఆమెను బేరానికెందుకు తోలిండ్రే? పిల్లే నయముంది."

ఆ నాలుగు రోజులూ అలా గడిచాయి. పగలు వడ్లలో నడక, సాయంత్రం అదే నేల మీద పరుగు. అన్నం బెల్లు కొట్టగానే పక్క టీకొట్టాయన, టైలరమ్మ కూడా వచ్చి పారలు పట్టేవారు. నేను కూడా దిగాను, రెండు సాళ్లకే ఆయాసపడ్డాను.

వడ్లు ఎండాయి, అమ్ముడయ్యాయి. ఇక ఆయనకు మాతో పని లేదు. కానీ సెలక్షన్ల పొద్దున బస్టాండులో తెల్ల రుమాలు చుట్టుకుని ముందే వచ్చి ఉన్నాడు.

మిర్యాలగూడలో పిల్ల బాగా ఆడింది. పేర్లు చదివారు. పన్నెండు మందిలో లేదు, అదనపు ఆటగత్తెల్లో ఉంది. ఎంపికైనట్టా, కానట్టా? తల్లికి ఫోను కలిపి నా చేతిలో పెట్టి నేల చూపులు చూసింది. వాళ్లమ్మతో ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ తగ్గాలో లెక్కలేసుకుంటూ నేను గొంతు సవరించుకున్నాను. ముసలాయన ఫోను లాక్కున్నాడు.

"అమ్మా, నేను వడ్ల తాతను. నీ బిడ్డ ఉత్త కాళ్లతోని వడ్లు తిప్పి నా పంటను ఒడ్డుకేసింది. జర ఇంకో ఏడు ఆడనియ్యి."

అవతలి నుంచి ఆమె గొంతు, ఫోను బయటికి కూడా వినిపించేంత గట్టిగా:

"ఉత్త కాళ్లతోనే ఉరుకుతున్నదా అది? బూట్లేం సైజు పడతయో అడుగు పెద్దయ్యా."