బెజవాడ ఉక్కలో మంచు

ఆ రోజుల్లో నేను దాచిన మాట ఒకటుంది. విమానం నడపడం నేర్చుకుంటున్నానంటే బెంజ్ సర్కిల్లో బస్సులు కూడా నాకు దారిస్తాయనుకునే వయసు (ఒక్కటీ ఇచ్చేది కాదు). గన్నవరంలో మాకున్నది ముసలి రెండు సీట్ల విమానం. దాని ఇంజన్ చూసే మెకానిక్ ఆటోనగర్లో లారీలు విప్పి చేయి తిరిగినవాడు, మా అందరికీ బాబాయి. “తేమగా ఉన్న రోజు కార్బురేటర్లో మంచు కడుతుంది, పవర్ తగ్గించి దిగేముందు వేడిగాలి నాబ్ లాగాలి,” అని మా గురువుగారు చెబితే, “బెజవాడలో మంచేంటి సార్, చెరకురసం బండి మీద తప్ప!” అన్నాను. అందరూ నవ్వారు. దాంతో పాఠం అక్కడే మరిచాను.

వాన వెలిసిన ఓ ఉదయం ఒంటరిగా ఎగిరి, కృష్ణ మీదుగా తిరిగొస్తూ పవర్ తగ్గించి దిగుతున్నాను. నాబ్ లాగలేదు. ఒక్కసారిగా వణుకు! నాకు చెమటలు, ఇంజన్‌కు చలిజ్వరం. పవర్ పెంచినా పలకదు. కింద నాట్లేస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి చూసేంత దగ్గరికొచ్చేశాను. అప్పుడు గుర్తొచ్చి నాబ్ లాగితే, కరిగిన మంచునీళ్లు మింగి ఇంజన్ ఇంకా గట్టిగా దగ్గింది. అయిపోయాననుకున్నాను. అంతలో గేదె తుమ్మినట్టు తుమ్మి, అందుకుంది!

దిగగానే గురువుగారు, “నాబ్ లాగావా?”

“ముందే లాగాను సార్!”

సాక్ష్యం అప్పటికే కరిగిపోయింది. నింద బాబాయి మీద పడింది. మూడు రోజులు ఇంజనంతా విప్పి వెతికాడు. “ఏం లేదండీ, పెట్రోల్లో చుక్క నీళ్లు కూడా లేవండీ,” అంటే, “ఇదేమన్నా లారీ అనుకున్నావా?” అని పనిలోంచి తీసేశారు. వెళ్తూ నన్నడిగాడు: “బాబూ, నా చేతిలో ఏమన్నా పొరపాటు జరిగిందంటావా?”

“ఏమో బాబాయ్,” అన్నాను. ఆ రెండు మాటలే ఇన్నేళ్లూ నన్ను తిన్నాయి.

మొన్న ఆటోనగర్లో ఆయన షెడ్డు వెతుక్కుంటూ వెళ్లి, పనివాళ్లందరి ముందూ జరిగింది చెప్పాను. “బెజవాడలో మంచు కట్టిందంటరా! ఈయనకి వడదెబ్బ తగిలింది, మజ్జిగ తెండ్రా!” అన్నాడొకడు. షెడ్డంతా ఘొల్లుమంది. నా పాత జోకే నా మీదికి తిరిగొచ్చింది. నాకూ నవ్వొచ్చింది.

బాబాయి మాత్రం నవ్వలేదు. “నాబ్ లాగలేదా?”

“లాగలేదు బాబాయ్.”

స్పానర్ కింద పెట్టి ఫోన్ తీశాడు. “మా అమ్మాయికి చెప్పు. నాన్న విమానం పాడుచేశాడని స్కూల్లో ఏడిపించేవాళ్లు దాన్ని.”

స్పీకర్లో “హలో నాన్నా” అని వినిపించింది. షెడ్డులో సుత్తి చప్పుడు ఆగింది.

“అమ్మా, ఆ రోజు విమానం నడిపింది నేను. తప్పు మీ నాన్నగారిది కాదు. నాది. తెలిసీ అబద్ధం చెప్పాను. మీరిద్దరూ నన్ను క్షమించండి.”