ఆళ్లగడ్డలో ఆగిపోయిన ఓబులన్న

మాఘమాసంలో ఒక ఆదివారం, ఉదయం ఐదున్నరకు నంద్యాలలోని మా పారాయణ మందిరం ముందు నుంచి బయలుదేరాం. అహోబిలం పోవాలనుకునేవారికి పనికొస్తుందని వేళలతో సహా రాస్తున్నాను. మధ్యలో ఒక మనిషి తప్పిపోవడం, ఆ మనిషి గురించి జనం తలో మాట చెప్పుకోవడం కూడా ఇందులో వస్తాయి. వాటి కోసం మేము పోలేదు, కానీ జరిగాయి.

అద్దె బండిలో మా పారాయణ గోష్ఠి సభ్యులం ఆరుగురం, డ్రైవర్ మాబు. గోష్ఠికి పెద్ద నరసింహాచార్యులు గారు ముందు సీట్లో కూర్చున్నారు. నాది చివరి వరుసలో కిటికీ పక్క. నా పక్కన ఓబులరెడ్డి. మిడుతూరు దగ్గర పల్లెలో శనగ, వరి పండించే రైతు. అరవై ఏడేళ్లు, షుగర్ ఉంది. వారం వారం పారాయణానికి ముప్పై మైళ్లు వచ్చి పోతాడు. నేను ఓబులన్నా అంటాను.

మా గోష్ఠికి ఒక ఆచారం ఉంది. ఆళ్లగడ్డలో సంకల్పం చెప్పుకున్న దగ్గర నుంచి స్వామి దర్శనం అయ్యేవరకు కాష్ఠమౌనం పాటిస్తాం. మామూలు మౌనంలో పలక మీద రాసి చూపవచ్చు, చేత్తో సైగ చేయవచ్చు. కాష్ఠమౌనంలో అవేవీ ఉండవు. కట్టె ఎలా ఉంటుందో అలా ఉండాలి. దర్శనం వరకు పచ్చి మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టరాదు. ఫోన్లు, పర్సులు ఒక సంచిలో వేసి డ్రైవర్‌కు అప్పగిస్తాం.

ఆరూముప్పావుకు ఆళ్లగడ్డ చేరాం. టీ కొట్టు దగ్గర మాబు ఒక్కడే టీ తాగాడు. ఓబులన్న రోజూ వేసుకునే షుగర్ మాత్ర వేసుకున్నాడు. మాత్ర పడ్డాక ఒకటి రెండు గంటల్లో ఏదైనా తినకపోతే ఆయనకు కళ్లు తిరుగుతాయి. ఎనిమిదికల్లా దర్శనం అయిపోతుంది, ప్రసాదం తింటాలే అన్నాడు. బండి పక్కన నిలబడి ఆచార్యులు గారు సంకల్పం చెప్పించారు. అందరం నోళ్లు మూసుకున్నాం. అప్పుడు ఓబులన్నకు గోడ చాటుకు పోవలసిన అవసరం వచ్చింది. షుగర్ ఉన్నవాళ్లకు అది చెప్పి రాదు. ఆయన బట్టసంచి చంకన పెట్టుకుని వెళ్లాడు.

మాబు స్టీరింగ్ ముందు కూర్చుని వెనక్కి తిరగకుండానే అడిగాడు. "అందరూ ఎక్కినారా స్వామీ?"

ఎవరూ పలకలేదు. పలకరని అతనికి ముందే చెప్పి ఉన్నాం కాబట్టి అతను బండి తీశాడు.

నేను కిటికీలోంచి చూశాను. ఓబులన్న గోడ చాటు నుంచి పంచె సర్దుకుంటూ వస్తున్నాడు. మా ఇద్దరి చూపులు కలిశాయి. ఆయన అరవలేదు, చెయ్యి ఊపలేదు. నేనూ అరవలేదు. బండి అహోబిలం రోడ్డెక్కింది.

దిగువ అహోబిలానికి ఏడూముప్పావుకు చేరాం. ఆదివారం కావడంతో వరుస పొడవుగా ఉంది. వరుసలో గంటకు పైగా నిలబడ్డాను. ఆ గంటా స్వామిని తలుచుకోవాలని చూశాను, ఓబులన్న మాత్రే గుర్తొచ్చింది. దర్శనం బాగా జరిగింది. ఇది పారువేట కాలం కాబట్టి ఉత్సవమూర్తులు గుడిలో లేరు, మూలవిరాట్టుకు మొక్కుకున్నాం. స్వామి తన పెళ్లికి రమ్మని భక్తులను పిలవడానికి నలభై రోజులు పల్లకీలో చుట్టుపక్కల ఊర్లు తిరుగుతాడు. అదే పారువేట.

బయటికి రాగానే నా నోటి నుంచి మొదట రావలసింది భగవన్నామం. నేను మాత్రం "ఓబులన్న ఆళ్లగడ్డలోనే ఉండిపోయినాడు" అన్నాను.

ఆచార్యులు గారు తల దించుకుని, "నాకూ తెలుసు" అన్నారు. మిగతా ముగ్గురూ తమకూ తెలుసన్నారు. తెలియనివాడు మాబు ఒక్కడే. మేము వరుసలో ఉన్నప్పుడు మాట్లాడగలిగింది కూడా అతనే. బండి నిలిపాక సీటు ఖాళీగా ఉండటం చూశాడు. అంతలో సంచిలో ఓబులన్న ఫోన్ మోగితే ఎత్తి, పెద్దాయన కనపడటం లేదమ్మా అని ఆయన భార్య లక్ష్మీదేవి వదినకు చెప్పాడు. ఆమె తమ్ముడికి చెప్పింది. తమ్ముడు ఫోటోతో సహా నాలుగు గ్రూపుల్లో పెట్టాడు. మేము ఫోన్లు చేతికి తీసుకునేసరికి "అహోబిలం యాత్రలో రైతు అదృశ్యం" అన్న వార్త మాకే వచ్చింది.

వదినకు ఫోన్ చేశాను. ఆమె ఏడవలేదు. "ఏమన్నా తిన్యాడా?" అని ఒక్కటే అడిగింది. తెలియదని చెప్పాను.

గుడి ముందు పూలమ్మే ఆమె ఫోటో చూసి, ఈయన ఇందాకే ఎగువ అహోబిలం వైపు ఒంటరిగా నడిచి పోయాడని ఒట్టేసి చెప్పింది. ఆళ్లగడ్డలో వదిలేసిన మనిషి రెండు గంటల్లో ఇంత దూరం ఎలా నడిచి వస్తాడని అడిగితే, స్వామి తలుచుకుంటే ఎంతసేపు అంది. ఆచార్యులు గారు ఆ మాటను కొట్టిపారేయలేకపోయారు. వాళ్లు బండిలో ఎగువకు పోయారు. నేను తొమ్మిదిన్నర బస్సుకు ఆళ్లగడ్డ బయలుదేరాను.

బస్సులో అప్పటికే అందరికీ తెలుసు. ముందు సీట్లో ఒకాయన చిరుతపులి అన్నాడు. నల్లమల అంచున పొద్దునపూట మంచిది కాదట. పక్కాయన, పులి అయితే సంచి దొరకాల గదా, ఇది అన్నదమ్ముల భూమి తగాదా అన్నాడు. ఓబులన్నకు అన్నదమ్ములు లేరు. ఒకామె మాత్రం, ఆయన సంసారం మీద విరక్తి పుట్టి కొండల్లోకి పోయినాడని, ముఖం చూస్తేనే తెలుస్తాందని చెప్పింది. ఆ ఫోటో కూతురి పెళ్లిలో తీసింది. అందులో ఆయన ఆకలి మీద ఉన్నాడు.

"నువ్వేమంటావప్పా?" అని ముందు సీటాయన నన్ను అడిగాడు.

ఎక్కేలోపల బండి కదిలిపోయి ఉంటుందని చెప్పాను.

"అంత తేలికయితే ఇన్ని గ్రూపుల్లో ఎందుకొస్తాది?" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు.

పదిన్నరకు ఆళ్లగడ్డలో దిగి టీ కొట్టుకు పోయాను. ఓబులన్న లేడు. కొట్టాయనకు అంతా గుర్తుంది. ఒక పెద్దాయన గోడ పక్కన గంటన్నర కదలకుండా నిలబడ్డాడట. ఏ ఊరని అడిగితే పలకలేదు, టీ ఇస్తే పట్టలేదు. చెవుడని కొందరు, మతి పోయిందని కొందరు అన్నారు. చివరికి ఎవరో సంచి మీద కోయిలకుంట్ల బట్టల అంగడి పేరు చదివారు. అందరూ తలా కొంత వేసి కోయిలకుంట్ల బస్సు ఎక్కించారు.

"ఎక్కమంటే ఎక్కె. కూర్చోమంటే కూర్చునె. పాపం, మంచి మనిషి. ఇంటికి చేరింటాడులే" అన్నాడు కొట్టాయన.

కట్టెను ఎక్కిస్తే కట్టె ఎక్కుతుంది. ఓబులన్న వ్రతం తప్పలేదని నాకు అర్థమైంది. దర్శనం కాలేదు కాబట్టి ఇంకా తప్పడని కూడా అర్థమైంది. మాత్ర వేసుకుని నాలుగు గంటలు కావస్తోంది.

పావు తక్కువ పదకొండు బస్సు పట్టుకుని కోయిలకుంట్లలో దిగేసరికి పదకొండున్నర దాటింది. బస్టాండు బెంచీ మీద ఓబులన్న కూర్చుని ఉన్నాడు. చుట్టూ పదిమంది. ఆయన ముందు అరటిపండ్లు, ఒక మూర మల్లెపూలు ఉన్నాయి. మౌనస్వామి వచ్చాడని ఎవరో అన్నారట. ఒకామె చంటిబిడ్డను ఆయన కాళ్ల దగ్గర పడుకోబెట్టి తీసుకుపోయింది. ఆయన ముఖమంతా చెమట, మోకాళ్ల మీద పెట్టుకున్న చేతులు వణుకుతున్నాయి.

పండు ఒలిచి నోటి దగ్గర పెట్టాను. నోరు తెరవలేదు. ప్రాణం మీదికి వస్తే వ్రతం వదలవచ్చని శాస్త్రంలో ఉందన్నాను. ఉంది కూడా. ఆయన నా వైపు చూడలేదు. చక్కెర కలిపిన నీళ్లు తెచ్చాను, పెదవుల మీద నుంచి కారిపోయాయి. స్వామివారిని ఇబ్బంది పెడతాండావేందప్పా అని చుట్టూ ఉన్నవాళ్లు నన్నే కసిరారు.

అప్పుడు నాకు సంకల్పం గుర్తొచ్చింది. అందులో స్వామిని చూసేవరకు అని ఉంది, గుడిని చూసేవరకు అని లేదు.

"పారువేట పల్లకీ ఈపొద్దు యాడుంది?" అని ఆటో అతన్ని అడిగాను.

ఆళ్లగడ్డ దారిలోనే ఒక ఊర్లో దిగిందన్నాడు. "ఇరవై నిమిషాలు. బేగా పోతే మధ్యాహ్నం ఆరగింపుకు అందుకుంటావు."

ఓబులన్నను ఇద్దరం పట్టుకుని ఎక్కించాం. దారి పొడవునా ఆయన తల నా భుజం మీదే ఉంది. నామం చెప్పుకుంటూ కూర్చున్నాను. అంత శ్రద్ధగా ఆ ఉదయం గుడిలో కూడా చెప్పుకోలేదు.

పల్లకీ దించే అరుగును ఈ ఊర్లలో తెలుపు అంటారు. స్వామి తెలుపు మీద ఉన్నాడు. ఆడవాళ్లు కొబ్బరికాయలతో వరుసకట్టారు. మనిషి పరిస్థితి చూసి దారి ఇచ్చారు. ఓబులన్న పల్లకీని చూశాడు, చేతులు ఎత్తడానికి ప్రయత్నించాడు, నేను పట్టుకుని ఎత్తాను. తీర్థం తాగాడు. అర్చకుడు ఆకులో పెట్టిన చక్కెర పొంగలి అంతా తిన్నాడు. ఇంకొంచెం అడిగాడు. అదే ఆయన మొదటి మాట.

పావుగంటకు వణుకు తగ్గింది. వదినకు ఫోన్ కలిపి ఇచ్చాను. "తిన్యా" అని చెప్పి పెట్టేశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"కిటికీలోంచి నన్ను చూస్తివి గదా."

"చూసినా అన్నా."

"పలకకపోతివి."

వ్రతం అని చెప్పబోయి ఆగాను. దర్శనం అయిన మనిషి ముందు, స్వామి ముందు ఉన్నాను. "స్వామి కోసం కాదన్నా. అందరికంటే ముందు నేనే నోరు తెరిస్తినని అంటారని ఊరుకున్యా" అన్నాను.

ఆయన పొంగలి ఆకు మడిచి పక్కన పెట్టాడు. తర్వాత, "నేను యాల అరవలేదనుకుంటివి? నువ్వు చూస్తాంటివి. నువ్వు చూడకుంటే అరిచేవాణ్ణి" అన్నాడు.

రెండు గంటలకు ఆళ్లగడ్డలో నంద్యాల బస్సు ఎక్కాం. కూర్చోవడానికి చోటు దొరికింది. మా వెనక సీటాయన ఫోన్‌లో ఫోటో చూపించి, ఈ మనిషి సంగతి తెలుసా అని ఓబులన్ననే అడిగాడు. నాలుగు రోజుల గడ్డం లేకపోతే గుర్తుపట్టేవాడేమో.

"దొరికినాడంట" అన్నాడు ఓబులన్న.

"యాడ?"

"స్వామి దగ్గర."

"విరక్తితో స్వామి దగ్గరికే పోయినాడని నేను చెప్తాంటే ఎవురూ ఇనలా" అని ఆయన ఆ సంగతి గ్రూపులో పెట్టాడు. శిరివెళ్ల దాటేసరికి అది నా ఫోన్‌కూ వచ్చింది. ఓబులన్న నిద్రపోయాడు.

నంద్యాల చేరేలోపల ఆచార్యులు గారు ఫోన్ చేశారు. ఎగువలో ఫోన్లు పనిచేయలేదట, అక్కడంతా వెతికి ఇప్పుడే దిగుతున్నారట. సంగతంతా విని, వచ్చే ఏడు నుంచి ఆరుగురిలో ఒకరు మౌనం పాటించకుండా మనుషుల్ని చూసుకోవాలన్నారు. మిగతా ముగ్గురినీ అక్కడికక్కడే అడిగారు. ఎవరూ ఒప్పుకోలేదు. నేనుంటానన్నాను. అలా ఉన్నవారికి వ్రతఫలం రాదని ఆయన నిదానంగా చెప్పారు. శాస్త్రం అంతే, ఆయన సొంత మాట కాదు. సరేనన్నాను.