జిగురమ్మ వేసిన నంబర్లు

మా వీధి చివరి వాటాలో ఉండే ఆమెను అందరూ జిగురమ్మ అంటారు. గ్రంథాలయంలో పాత కాగితాలు బాగుచేసే పని ఆమెది. పోయినవాళ్ల ఉత్తరాలు, డైరీలు, రాతప్రతులు పెట్టెల్లో వస్తాయి. చినిగినచోట పల్చటి కాగితం అతికించి, బరువు కింద పెట్టి, ఆరబెట్టి, మళ్లీ మనిషి పట్టుకునేట్టు చేస్తుంది. ముప్పై ఏళ్లుగా ఆమె గోళ్ల చివర పిండి జిగురు తెల్లగా అంటుకునే ఉంది. నేను చదివింది అయిదో తరగతే. అయినా ఎవరింట్లో ఏం జరిగిందో తెలుసుకోందే నాకు అన్నం సహించదు కాబట్టి, ఆమె సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

జిగురమ్మకు ఒక్కడే అన్న. మిల్లు గేటు దగ్గర లారీల తూకం రాసే గుమాస్తా. నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాడు ఆరేళ్లు కూర్చుని ఒక నవల రాశాడు. గేటు దగ్గర లారీవాళ్లు, మూటలు మోసేవాళ్లు, తూకంలో మోసాలు, వాటి మీద కొట్లాటలు, అదీ కథ. అప్పట్లో మా ఊళ్లో ఒక పెద్ద రచయిత ఉండేవాడు. కొత్తగా రాసేవాళ్లకు పత్రికలో సలహాలు చెప్పేవాడు. కాగితానికి ఒకవైపే రాయండి, రెండోవైపు ఖాళీగా వదలండి అనేది అందులో మొదటి సలహా. ఈ పిచ్చిమనిషి ఆ మాటను అక్షరాలా పాటించాడు. రెండువందల పన్నెండు కాగితాలు ఒకవైపే రాసి, గుడ్డసంచిలో పెట్టుకుని, వెళ్లి ఆయన చేతికే ఇచ్చి వచ్చాడు. నకలు తీసిపెట్టుకోలేదు.

ఏడాది చూశాడు. మూడుసార్లు ఇంటికి వెళ్లాడు. మూడుసార్లూ ఆయన పనిలో ఉన్నారన్నారు. చివరికి ఒక సభలో లేచి నిలబడి, నా కట్ట ఏమైందండీ అని అడిగాడు. ఆయన నవ్వి, నాకు ఏ కట్టా అందలేదు, సంచిలో గాలి నింపుకొచ్చి నవల అనుకున్నావేమో అన్నాడు. సభంతా ఘొల్లుమంది. ఆ మర్నాటి నుంచి అతని పేరు గాలినవల అయిపోయింది. పిల్లలూ అన్నారు, పెద్దలూ అన్నారు. నేనూ అన్నాను, ఎందుకు దాచడం. అతను తూకం చీటీలు తప్ప మళ్లీ ఏమీ రాయలేదు. ఎనిమిదేళ్ల కిందట పోయాడు. పోయినరోజు కూడా వాకిట్లో ఎవరో, గాలినవల పోయాడట అన్నారు. జిగురమ్మ వింది. అన్నవాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసి పెట్టుకుంది.

నిరుడు ఆ పెద్దాయన కాగితాలు గ్రంథాలయానికి వచ్చాయి. ఆయన కూతురు పంపింది. వాటిని బాగుచేసే పని సహజంగానే జిగురమ్మకు పడింది. ఒక సాయంత్రం ఆమె పెదాలు బిగించుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని వీధిలో నడిచివస్తుంటే చూశాను. ఇక ఆగలేక, వాళ్ల జల్లెడ తిరిగివ్వాలని వంక పెట్టుకుని వెళ్లాను.

ఆయనకు పేరు తెచ్చిన నవల, పిల్లల చేత కూడా చదివించే నవల, దాని రాతప్రతి మొత్తం ఆమె అన్న కాగితాల వెనకవైపు రాసి ఉంది. ఖాళీగా వదలమన్నాడుగా, ఆ ఖాళీలోనే.

"చదివి, బాగాలేదు పొమ్మన్నా సరిపోయేది పిన్నిగారూ," అంది జిగురమ్మ. "ఒక్క పేజీ మీద ఒక్క గీత లేదు. చదవనేలేదు. మా అన్నయ్య ఆయనకు చిత్తుకాగితం."

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక చెంబెడు జిగురునీళ్లు ఒలికించెయ్యి, చెయ్యి జారిందని చెప్పు అన్నాను. ఆమె నావైపు జాలిగా చూసింది. ఆయనవైపు పాడైతే అన్నయ్యవైపు కూడా పాడవుతుంది కదా అంది. నిజమే, నాకు తట్టలేదు.

ఇంతలో ఇంకో పిడుగు పడింది. పెద్దాయన శతజయంతి వస్తోంది, ఆ రాతప్రతిని అద్దాలపెట్టెలో పెట్టాలి అన్నారు. కూతురుగారు వచ్చి చూసి, వెనక ఎవరిదో పిచ్చిరాత కనబడుతోంది, దళసరి కాగితం అతికించి మూసెయ్యమంది. బలంగా కూడా ఉంటుంది కదా అంది. గ్రంథాలయం అధికారి తల ఊపి, ఆ పని జిగురమ్మకే అప్పగించాడు. అన్న నవలను చెల్లెలే తన చేత్తో జిగురు పూసి మూసెయ్యాలి. ఆ జిగురు ఎండితే ఇక అతని రాత ఎవరి కంటా పడదు. గాలినవల ఎప్పటికీ గాలినవలే.

ఆమె సరేనండీ అంది.

వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. ఏ కాగితానికైనా జిగురు తగలకముందే దాని మొదటివైపు, మూలన, పెన్సిల్‌తో నంబరు వేయాలి. ఆ నంబరు ప్రకారం రిజిస్టరులో రాయాలి. ఆ రోజు రాసినదాని కింద అధికారి సిరాతో సంతకం పెట్టాలి. సంతకం పడ్డాక ఆ వరస మార్చకూడదు, నంబరున్న వైపు దేనితోనూ మూయకూడదు, ఎవరికి చూపించినా ఆ వైపే పైకి ఉండాలి. కాగితానికి మొదటివైపు ఏది, వెనకవైపు ఏది అని మాత్రం ముప్పై ఏళ్లలో ఎవరూ అడగలేదు. నంబరు వేసే మనిషి ఎటు వేస్తే అదే మొదటివైపు.

ఆమె తన అన్న రాసినవైపు వేసింది.

పెద్దాయన కట్టలోంచి చేతికందిన కాగితం లాగి రాసుకున్నాడు కాబట్టి అన్న వరస చెదిరిపోయింది. జిగురమ్మ కథ చదువుకుంటూ ఒక్కొక్క కాగితం వెతికి మళ్లీ కూర్చింది. పందొమ్మిది రోజులు పట్టింది. రోజూ సాయంత్రం అధికారి ఫోనులో మాట్లాడుతూనే రిజిస్టరులో సంతకం గీకేవాడు. ఆయన ఎప్పుడూ చదివి పెట్టింది లేదు. అందులో ఉన్నదేమిటంటే, నవల, రచయిత ఫలానా అని ఆమె అన్నయ్య పూర్తి పేరు. దాని కింద, వెనకవైపు మరొకరి చేతిరాత.

కూతురుగారు మళ్లీ వచ్చిన రోజున నేనక్కడే ఉన్నాను. జిగురమ్మ కళ్లజోడు ఇంట్లో మర్చిపోతే ఇవ్వడానికి వెళ్లాను. ఇచ్చిన తర్వాత కదల్లేదు.

"ఇదేమిటి, మా నాన్నగారి నవలేదీ?" అందావిడ.

"వెనక ఉందండీ."

ఆవిడ తిప్పి చూసింది. ఇంకోటి తిప్పింది. "నాన్నగారి మొదటి పేజీ తర్వాత ఎనభయ్యారు వచ్చిందేమిటి? ఎవరు చదవగలరిలా?"

"వరస చెడింది మీ నాన్నగారి చేతిలోనండీ, నా చేతిలో కాదు."

అధికారి రిజిస్టరు తెప్పించుకుని తన సంతకాలు పందొమ్మిదీ చూసుకున్నాడు. చెమట తుడుచుకుని, పెన్సిలే కదా, చెరిపేస్తే పోతుంది అన్నాడు. పెన్సిల్ పోతుందండీ, మీ సంతకం సిరాతో ఉంది, చదవకుండా పెట్టానని పైవాళ్లకు మీరే రాయండి అంది జిగురమ్మ, చేతులు తుడుచుకుంటూ.

కూతురుగారు గొంతు తగ్గించింది. "నీకేం కావాలో చెప్పమ్మా."

"మా అన్నయ్య కట్ట అందలేదని మీ నాన్నగారు నలుగురిలో అన్నారు. అందిందని రాసివ్వండి."

ఆవిడ కలం తీసి మూడు వాక్యాలు రాసింది. ఈ కట్ట మా నాన్నగారికి చేరింది, మా ఇంట్లోనే ఉంది, ఆయన అందలేదన్నది నిజం కాదు అని. కింద సంతకం. కాగితం జరిపి, ఇక వరస మార్చు అంది.

జిగురమ్మ ఆ ఉత్తరం తీసుకుని రెండుసార్లు చదివింది. చెవి వెనకనుంచి పెన్సిల్ తీసి, మూలన రెండువందల పదమూడు వేసింది. రిజిస్టరులో రాసి అధికారి ముందు పెట్టింది. ఈసారి ఆయన ప్రతి అక్షరం చదివాడు. చదివి, వేరే దారి లేక సంతకం పెట్టాడు.

"వరస మారుస్తానని నేనెక్కడన్నానండీ?" అంది జిగురమ్మ.

శతజయంతికి ముందు ఆమె మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి పిలిచింది. ఏ ఒక్కరినీ వదల్లేదు. మా ఇంటికీ వచ్చింది. "మీరూ రావాలి పిన్నిగారూ, మీరూ అన్నారుగా," అంది నవ్వుతూనే. వెళ్లాను. అందరం వెళ్లాం. అద్దాలపెట్టెలో తూకపు గుమాస్తా రాసిన మొదటి పేజీ, పక్కన ఆ మూడు వాక్యాల ఉత్తరం. మా వీధి పెద్దమనుషులు చేతులు కట్టుకుని ఒకరి వెనక ఒకరు నిలబడి చదివారు. ఎవరైనా సగంలో జరిగిపోతే జిగురమ్మ మెల్లగా మోచెయ్యి పట్టుకుని, కింద ఇంకా ఉంది, పూర్తిగా చదవండి అనేది. కూతురుగారు మాత్రం రాలేదు.

తిరిగొస్తూ అడిగాను, ఇప్పటికైనా మనసు చల్లబడిందా తల్లీ అని.

"లేదు పిన్నిగారూ," అంది. "ఆయన పెట్టెలింకా పదకొండున్నాయి. రాసినవన్నీ ఎవరెవరివో కాగితాల వెనకే. నిన్న ఒకటి తెరిచాను. అదెవరో ఆడమనిషి చేతిరాత. ఆవిడ తాలూకు వాళ్లెక్కడున్నారో కనుక్కోవాలి, మీరు కాస్త సాయం చెయ్యండి."

అడగాలా నన్ను? మర్నాడు పొద్దున్నే బయల్దేరాను.