మొలతాడుకు కట్టిన కెనడా

నేను తెలివైనవాణ్నని ఇచ్చోడలో ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ పుకారు పుట్టించింది నేనే. మా ఇంటామె కొలువును నడుముకు కట్టుకొని సముద్రాలు దాటించిన మొనగాణ్ని నేను. ఆ ఉపద్రవం ఎలా ముంచుకొచ్చిందో వినండి.

మా ఇంటామె సునీత కెనడాలో నర్సు. ఆమె చదువు పుణ్యాన మా ఇద్దరికీ అక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి దొరికింది. చిత్రమేమిటంటే, తోకలా వెంట వెళ్లిన నా అనుమతి కార్డు ముందొచ్చింది, అసలు మనిషిది రాలేదు. ఇంతలో చొప్పదండిలో ఆమె తమ్ముడి పెళ్లి. పెళ్లయిన రెండు వారాలకే ఆమె కెనడా ఆసుపత్రిలో ఒక వార్డుకు పెద్ద నర్సుగా చేరాలి.

"కార్డు లేకుంటే వచ్చేటప్పుడు విమానం ఎక్కనియ్యరు. జర ఆగుదాం," అంది సునీత.

"గల్ఫ్‌ల ఐదేండ్లు చేసినోన్ని, గీ కార్డుల సంగతి నాకే చెప్తవా? ఇంటి తాళంచెవి పక్కింటి రాజుకిచ్చి పోదం, కార్డు రాంగనే కొరియర్ చేస్తడు. ఫికర్ జెయ్యకు."

పెళ్లినాడు బంతిలో కూర్చున్నాను. మటన్ ముక్క నోటిదాకా వచ్చింది, రాజు ఫోనూ వచ్చింది. పదిమందీ వినాలని స్పీకర్ పెట్టాను. గొప్పలు ఒంటరిగా తింటే అరగవు కదా!

"అన్నా, వదిన కార్డు పోస్టుల వచ్చినట్టున్నది. మీ డబ్బాకు తాళమున్నది. చెవి ఏడ వెట్టినవ్?"

"చెప్పుల స్టాండు మీద మేకుకు ఉంటది, చూడు."

"మేకొక్కటే ఉన్నదన్నా."

నా చెయ్యి దానంతటదే నడుము దగ్గరికి పోయింది. గల్ఫ్‌లో గదికి ఎనిమిదిమందిమి. పెట్టె తాళంచెవి మొలతాడుకు కట్టుకోకపోతే తొక్కు సీసా కూడా మిగలదు. దేశం మారింది గానీ అలవాటు మారలేదు. పోస్టు డబ్బా తాళంచెవి బొడ్డు కింద భద్రంగా వేలాడుతోంది!

"ఏమైంది అల్లుడా, గట్ల కొయ్యబారినవ్?" అన్నాడు పక్కనే కూర్చున్న మామ.

"చెవి... నా మొలతాడుకే ఉన్నది మామా."

బంతంతా విస్తర్ల మీద పడి నవ్వింది. "మా అల్లుడు దుబాయ్ పోయిండు, కెనడ పోయిండు. మొలతాడు మీద నమ్మకం మాత్రం ఏడికీ పోలే!" అన్నాడు మామ. సర్కారు వరమిచ్చినా మొగుడు తాళమివ్వలేదన్నమాట. కెనడాలోని ఇంటి ఓనరేమో ఫోన్‌లో, డబ్బా తాళం మార్చాలంటే నెల పడుతుందన్నాడు.

సునీత తిట్టలేదు. ఆపరేషన్ గదిలో నిలబడ్డట్టు నిలబడింది.

"చెవిని కొరియర్ చేద్దమా?" అన్నాను.

"అది పోవాలె, కార్డు రావాలె. గంత టైం ఏడున్నది? నీకు కార్డున్నది గదా, రేపే విమానమెక్కు. చెవిని మాత్రం విప్పకు. విప్పితే మళ్ల ఏడనో పెడ్తవ్."

హైదరాబాద్ విమానాశ్రయంలో తనిఖీ మిషన్ నా నడుము దగ్గర కుయ్యిమంది.

"ఏమున్నది అక్కడ?" అన్నాడు తనిఖీ జవాను.

"మా ఆవిడ కొలువు సార్."

ఎగాదిగా చూసి వదిలేశాడు, పెళ్లయినవాడే అయ్యుంటాడు. కెనడాలో డబ్బా తెరిస్తే పిజ్జా కాగితాల కింద సునీత ఫోటో ఉన్న కార్డు! ఆ పూటే పంపించాను. దాని కోసం ఆమె రోజూ కరీంనగర్ కొరియర్ ఆఫీసుకు తిరిగింది. చివరికి, చేరాల్సిన రోజుకు ఒక్కరోజు ముందు విమానం దిగింది.

మర్నాడు ఆసుపత్రి గుమ్మం దాకా దింపడానికి వెళ్లాను. "నువ్వెవరు?" అన్నట్టు చూసిందొక ముసలి రోగి. "పెద్ద నర్సు మొగుణ్ని," అన్నాను ఛాతీ విరిచి. అంతకన్నా పెద్ద పదవి నేనింతవరకు చూడలేదు.

ఇకపై మొలతాడుకు తాళంచెవి కాదు కదా, తాయత్తు కూడా కట్టనని భూమ్యాకాశాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను.

మామ మాత్రం చొప్పదండి నుంచి హుస్నాబాద్ దాకా ఈ కథను చాటాడు. ఆ చలికాలమే బిడ్డ సునీతను చూడటానికి కెనడా వచ్చాడు. ఒక పొద్దున మంచు చూద్దామని లుంగీ మీదే గడప దాటాడు. అక్కడి తలుపులకు దానంతటదే తాళం పడుతుంది. అద్దం అవతల మామ, ఇవతల చాయ్ గ్లాసుతో నేను.

"ఏం మామా, తాళంచెవి ఏది?"

"లోపల్నే ఉన్నది! తలుపు తియ్యి అల్లుడా, గడ్డ కడ్తున్న!"

"ఒక్క గుటకే ఉన్నది మామా, తాగి తీస్త," అన్నాను.

ఆ గుటకను మాత్రం చాలాసేపు తాగాను.