అవ్వ ముఖానికి పదకొండు మంది మేస్త్రీలు

బోర్డు రాసేవాడు రాస్తూ ఉంటే, రాయించుకునేవాడు ఎదురుగా నిలబడి చాయ్ తాగుతూ చూసే కాలం ఒకటి ఉండేదట. ఆ కాలాన్ని నేను చూడలేదు, మా మేనమామ చెప్పగా విన్నాను. నేను బ్రష్ పట్టుకునే నాటికి అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చేశాయి. ఎదురుగా నిలబడాల్సిన మనిషి ఇంట్లో మంచం మీద పడుకుని "ఎంతవరకు వచ్చింది? ఫొటో పెట్టు" అనడం మొదలుపెట్టాడు. ఏడో తరగతితోనే చదువుకు దండం పెట్టిన నాకు ఫోన్‌లో వచ్చిన విద్య ఆ ఫొటో పెట్టడం ఒక్కటే. ఆ ఒక్క విద్యతోనే బాన్సువాడలో ఒక ఇంటిల్లిపాదినీ నా మీదికి తెచ్చుకున్నాను. తప్పు నాదేనని అప్పుడు అందరూ అన్నారు. ఇన్నేళ్ళయినా నేను ఒప్పుకోలేదు, ఇకముందు కూడా ఒప్పుకోను. (ఒప్పుకునే గుణమే ఉంటే మా అమ్మ నన్ను మద్నూర్ దగ్గరి మా ఊరి నుంచి మామ దగ్గరికి పంపేదే కాదు.)

మామ దుకాణం బస్టాండు వెనక సందులో ఉండేది. ఊరంతా ఫ్లెక్సీల మీద పడినా ఆయన మాత్రం రేకు మీద చేత్తోనే రాసేవాడు. ఫోన్ అంటే ఆయనకు గిట్టదు. "గా డబ్బ నా దగ్గరికి తేకు, నువ్వే చూస్కో" అని నాకు అప్పగించేశాడు. నేను చేరిన మొదటి ఏడు తుప్పు గీకడం, ఎర్ర ప్రైమర్ పూయడంతో గడిచింది. రెండో ఏడు అంచులకు గీతలు కొట్టాను. మూడో ఏడు అక్షరాల దాకా వచ్చాను. ముఖాలు మాత్రం ముట్టనిచ్చేవాడు కాదు. "అక్షరం పోతే తుడిచి మల్ల రాస్తం. మొఖం పోతే మనిషే మారిపోతడు పిల్లా" అనేవాడు. అలాంటిది, ఆ ఎండాకాలం ఆయన కుడి భుజం పట్టేసి చెయ్యి పైకి లేవకుండా అయింది. సరిగ్గా అప్పుడే ముఖం ఉన్న బోర్డు ఒకటి పనికి వచ్చింది. మామ నన్ను కూర్చోబెట్టి చెప్పాడు: "గీ మొఖం నువ్వే ఎయ్యి. మంచిగొస్తే ఇగ మొఖాలన్నీ నీవే. బోర్డు వాపస్ వచ్చిందనుకో, మల్ల తుప్పు గీకుడే."

ఆ బోర్డు ఒక రొట్టెల హోటల్‌ది. మహారాష్ట్ర సరిహద్దులోని డోంగ్లి వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ ఏళ్ళ తరబడి కూరగాయల మార్కెట్ దగ్గర బండి పెట్టి జొన్న రొట్టెలు కొట్టి అమ్మేది. ఆమె పెద్దకొడుకు ఇప్పుడు ఒక గది కిరాయికి తీసుకుని, బండిని హోటల్ చేస్తున్నాడు. మేము ఆయన్ని హోటలన్న అనేవాళ్ళం. బోర్డు మీద అవ్వ ముఖం ఉండాలన్నది ఆయన ఆలోచనే. గోరంత ఫొటో ఒకటి తెచ్చి ఇచ్చాడు. అందులో అవ్వ నుదుటి మీదా గడ్డం మీదా పచ్చబొట్లు, నెత్తి మీద కొంగు, ఎవరినో తిట్టబోతున్నట్టు బిగించిన పెదవులు ఉన్నాయి. పోతూ పోతూ నన్ను వాళ్ళింటి వాట్సాప్ గ్రూపులో కలిపాడు. "రోజు ఎంత పనైతే అంత ఫొటో పెట్టు చెల్లె, ఇంట్లోళ్ళు సూత్తరు" అన్నాడు. గ్రూపులో పదకొండు మంది ఉన్నారు. నాతో పన్నెండు.

ఇక్కడ మా దుకాణం పద్ధతి ఒకటి చెప్పాలి. ముఖం వేసేటప్పుడు మామ కండ్లను అన్నిటికన్నా ఆఖర్న, రాయించుకున్నవాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టుకుని వేసేవాడు. అప్పటిదాకా ఆ చోటు తెల్లగా వదిలేయాలి. నేనూ అట్లాగే చేశాను. చిన్న ఫొటో మీదా రేకు మీదా గళ్ళు గీసుకుని, ఒక్కో గడిలో ఉన్నదాన్ని పెద్దది చేస్తూ మూడు రోజులు చెమటోడ్చాను. ముక్కు కుదిరింది, పెదవులు కుదిరాయి. సంతోషం పట్టలేక ఫొటో కొట్టి గ్రూపులో పెట్టాను. కండ్ల సంగతి వాళ్ళకు చెప్పాలన్న ఆలోచనే రాలేదు. మాకు రోజూ చూసేదే కదా!

ఐదు నిమిషాలు కూడా కాలేదు, ఫోన్ మోగడం మొదలుపెట్టింది. పిట్లంలో ఉండే అవ్వ బిడ్డ (పిట్లమక్క అందాం) అయితే మాటల మధ్య ఊపిరి కూడా తీసుకోలేదు. "ఏం పిల్లవే నువ్వు? మా అవ్వ గట్టిగ బతికే ఉన్నది, పొద్దుగాల నాలుగు రొట్టెలు తిన్నది! సచ్చినోళ్ళ లెక్క కండ్లు లేకుంట పెడ్తవా?" అని అరిచింది. నేను పద్ధతి వివరించాను. "మీ పద్ధతి మీ దుకాణంల పెట్టుకో, మా గ్రూపుల పెట్టకు" అంది. రోజూ ఫొటో పెట్టమన్నదీ వీళ్ళే, పెడితే తిట్టేదీ వీళ్ళే.

అది సద్దుమణిగాక అసలు కథ మొదలైంది. ఒకసారి చూపించామంటే చూసినవాళ్ళకు నోరు ఊరుకోదు కదా. చిన్నకొడుకు "రంగు జర తెల్లగ చెయ్యి" అన్నాడు. పెద్దకోడలు ముడతలు తీసేయమంది. పిట్లమక్క మెడలో గొలుసు వేయమంది. ఎవరో మనవరాలు చీర రంగు మార్చమంది. చివరికి హోటలన్న "గా పచ్చబొట్లు తీసెయ్యి చెల్లె, పాతకాలపోళ్ళం అనుకుంటరు" అన్నాడు. నాకు తుప్పు గీకే బ్రష్ కళ్ళముందు కదిలింది. బోర్డు వాపస్ రాకూడదు, అంతే. ఎవరు ఏది చెబితే అది చేశాను, చేసిన ప్రతిసారీ ఫొటో పెట్టాను, ప్రతి ఫొటోకూ ఇంకో ఇద్దరు లేచారు. ఈ మార్పులు మొదలైన నాలుగో రోజు మామ లోపలికి వచ్చి బోర్డు ముందు నిలబడి, చాలాసేపు చూసి అడిగాడు: "మంచిగనే ఉన్నది. ఎవరీమె?"

ఆ మాట పడ్డాక నాకు అన్నం దిగలేదు. కూర్చుని ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. పదకొండు మందీ మాట్లాడారు గానీ, అవ్వ మాట ఒక్కటీ వినలేదే! గ్రూపులో అడిగాను: "అవ్వకు చూపెట్టిన్రా?" ఎవరో ఒకరు "ఆమెకు ఫోన్ లేదు" అని రాశారు. ఆమెకు ఫోన్ లేకపోతే నాకుంది కదా. అప్పటికప్పుడు లేచి, రంగు చేతులతోనే మార్కెట్‌కు నడిచాను.

అవ్వ బండి దగ్గరే ఉంది, చేతుల మధ్య రొట్టె తిరుగుతోంది. ఫోన్ ముందు పెట్టాను. పిండి చేతులు దూరంగా పట్టుకుని, మెడ ముందుకు చాచి చూసింది.

"ఎవరే బిడ్డా గీ పిల్ల? మా మనుమనికి సంబంధమా?" అని, మళ్ళీ చూసి "తెల్లగనే ఉన్నది గని కండ్లు లేవు కదనే. వద్దని చెప్పు" అంది.

"అవ్వా, అది నువ్వే" అన్నాను.

అవ్వ పెనం మీది రొట్టె మాడిపోతున్నా పట్టించుకోలేదు. సంగతంతా చెప్పించుకుంది. ఎవరెవరు ఏమేమి తీసేయమన్నారో ఒక్కొక్కరి పేరూ అడిగింది. (నేను దాచలేదు. ఎందుకు దాచాలి?) పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కుని, నా వెంట దుకాణానికి నడిచింది. రంగు డబ్బా బోర్లించి దాని మీద కూర్చుంది. "ఎయ్యి. నేను కదల" అంది.

నేను టర్పెంటైన్ గుడ్డ తీసుకుని, ఇంకా ఆరీ ఆరని ఆ తెల్ల ముఖాన్ని మొత్తం తుడిచేశాను. ఆ తుడిచిన రేకునే ఫొటో కొట్టి గ్రూపులో పెట్టి, "అవ్వ ఇక్కడ ఉన్నది. చూడాలనుకునేటోళ్ళు రాండ్రి. ఇగ ఫొటోలు పెట్ట" అని చెప్పాను. ఫోన్‌ను బ్రష్‌ల డబ్బాలో పడేశాను.

రెండు రోజులు పట్టింది. అవ్వ పొద్దున రొట్టెలు అమ్ముకుని వచ్చి కూర్చునేది. పచ్చబొట్లు వచ్చాయి, ముడతలు వచ్చాయి, పొయ్యి ముందు కమిలిన రంగు వచ్చింది. రెండో రోజు కండ్లు వేయడం ముగిస్తుండగా హోటలన్న బైకు దిగాడు. బోర్డు చూశాడు, ముఖం ఎర్రబడింది.

"చెల్లె, నేను చెప్పింది ఏంది, నువ్వు చేసింది ఏంది? గీ బోర్డు నేను కట్టుకోను. వాపస్ పెట్టుకోండ్రి."

వాపస్ అన్న మాట చెవిన పడగానే చేతిలోని బ్రష్ కింద పెట్టాను. మామ వైపు చూశాను. ఆయన గోడ వైపు చూస్తున్నాడు. ఇక పోయేది ఎట్లాగూ పోతుందనిపించింది.

"అన్నా, ఇరవై మొఖాలు చెప్పిన్రు మీరు. ఇరవై వేసిన. ఒక్కటన్న అవ్వది ఉన్నదా? తుప్పన్న గీక్కుంట గని, గీ మొఖం మల్ల తుడువ."

ఆయన నోరు తెరిచేలోపే డబ్బా మీది నుంచి అవ్వ లేచింది. కోపం వస్తే ఆమెకు మరాఠీ వచ్చేస్తుంది. "గప్ బస్!" (నోరు మూసుకుని కూర్చో) అనగానే అంత పెద్ద మనిషీ పక్కనున్న స్టూల్ మీద కూర్చుండిపోయాడు. "నా మొఖం నీకు షరమైతుందారా? గీ పచ్చబొట్ల మొఖాన్నే జూసి బండి కాడికి వచ్చిండ్రు జనం. గా తెల్ల పిల్లను కట్టుకో నీ హోటల్‌కు. రొట్టెలు కూడ గామెతోనే కొట్టించుకో. నేను బండి కాడికే పోత."

రొట్టె కొట్టే చెయ్యి ఆ ఇంట్లో ఒక్కటే ఉందని హోటలన్నకు తెలుసు. లేచి బోర్డు ఒక కొస పట్టుకున్నాడు. రెండో కొస నేను పట్టుకున్నాను. మర్నాడు తుప్పు గీకే బ్రష్ కోసం వెతికితే, అది మామ చేతిలో ఉంది. ఎడమ చేత్తో గీకుతున్నాడు.

ఇప్పుడు ఆ దుకాణం నేనే నడుపుతున్నాను. పోయిన నెల ఆ హోటల్‌లో రొట్టె తినడానికి పోయి తలెత్తి చూస్తే గుండె గుభేలుమంది. అవ్వ చెవి ఒకటి రెండోదాని కన్నా బెత్తెడు కిందికి ఉంది! మెడ అసలు కనబడదు, తల నేరుగా భుజాల మీద పెట్టినట్టుంది. ఇంతటి బొమ్మ కోసమా నేను అంత కొట్లాడింది! సిగ్గేసి హోటలన్నను పిలిచి, "అన్నా, చిన్నప్పటి పని, మంచిగ లేదు. పైసల్లేకుంట ఉట్టిగనే సరిచేస్త, రెండు రోజులు దింపియ్యి" అన్నాను.

ఆయన రొట్టె మీద వెన్న వేస్తూ, తల కూడా ఎత్తకుండా, "ముట్టినవంటే బాగుండదు చెల్లె" అన్నాడు.

నాకు కోపం రావాలి. రాలేదు. చెవి ఎక్కడ పెట్టాలో కూడా తెలియని ఆ పిల్ల, రంగు చేతులతో నడుమున చెయ్యి పెట్టుకుని ఒక ఇంటిల్లిపాదితో తగువుకు నిలబడ్డది గుర్తొచ్చింది. ఇప్పుడు నాకు చెవులు కొలిచి పెట్టడం వచ్చు. అట్లా నిలబడడం ఇంకా వచ్చో రాదో మాత్రం చెప్పలేను. ఇంకో రొట్టె వేయమన్నాను.