అడ్డం దుక్కి

దేవరకొండ దాటాక ఏటవాలు మెట్ట చెలకల్లో నాగులమ్మ రోజూ కనిపిస్తుంది. కొనబోయే ఆముదం గింజను కొరికి చూస్తుంది. గట్టు మీద కొత్త అడుగు కనిపిస్తే, పక్కన తన కాలు పెట్టి ఎవరిదో పోల్చుకుంటుంది. ఊరికే మేలు చెప్పేవాళ్లంటే ఆమెకు మరీ అనుమానం. వానకు మన్ను కొట్టుకుపోకుండా వాలుకు అడ్డంగా దున్నాలని, ఈ ఎండాకాలం వ్యవసాయశాఖ వాళ్లు ఆమె చేన్లో సున్నంతో గీతలు గీసి వెళ్లారు. అక్కడ రోడ్డు వేస్తారనుకుని నాగులమ్మ వాటిని చీపురుతో ఊడ్చేసింది. "అడ్డం దున్నియ్యి అత్తా" అని కింది చేను విజేందర్ బతిమాలినా వినక, ఎప్పటిలా పైనుంచి కిందికే ట్రాక్టర్ తోలించింది. విత్తనం వేసిన నాలుగు రోజులకు పెద్దవాన పడి, ఆమె ఎర్రమన్ను సాళ్ల వెంట జారిపోయింది. వారం తిరిగేసరికి ఆమె ఆముదాలు విజేందర్ చేన్లో మొలిచాయి.

నాగులమ్మ గంప పట్టుకుని దిగింది. "నా మన్నంత నీ చేన్ల పడె. లాభం నీకే గదా? మరి అడ్డం దున్నుమని నాకెందుకు చెప్పినవ్?"

విజేందర్ వంగి, జానెడు మట్టి తవ్వి, అడుగున పాలిపోయిన కంది మొలకను చూపించాడు. "లాభమెక్కడిది అత్తా? నీ మన్ను కింద నా కందంత పూడిపోయింది. నా పంట కోసమే చెప్పిన."

నాగులమ్మ ఆ మొలకను గిల్లి చూసి, బొమముడి విప్పింది.

"గట్ల చెప్పు! గీ ముచ్చట అప్పుడే చెప్తే, అప్పుడే అడ్డం దున్నియ్యకపోదునా?"