అమ్మకు మిగిలిన ఒక్క మాట

తెనాలిలో మా అమ్మకు గాజుల కొట్టు ఉంది. ఫోన్లో బేరం కుదిరిన ప్రతిసారీ సరుకు పంపే వ్యాపారి "డీల్ అమ్మా!" అనేవాడు. ఆ మాట ఆమెకు తెగ నచ్చింది. తన కొట్లో గాజులు కొన్నవాళ్ల చేతిమీద తట్టి, తనూ "డీల్!" అనడం మొదలుపెట్టింది.

నేను బాపట్లలో ఇంగ్లీషు టీచర్ని. అదే మాటను పిల్లలకు పాఠంగా చెబుతాను. ఒప్పందం డీల్. పేకముక్కలు పంచినా డీలే. వెనక 'విత్' చేరితే ఒక పనిని చక్కబెట్టడం, ముందు 'గ్రేట్' చేరితే బోలెడంత. ఆ మాటలో నాకు తెలియనిదేమీ లేదనుకున్నాను.

కిందటి వేసవిలో అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది, మాట పోయింది. ఆస్పత్రిలో నేను చెంచాతో నీళ్లు పడుతుంటే ఏదో చెప్పబోయి అవస్థపడింది. చివరికి "డీల్" అంది.

"కొందరికి ఇలా ఒక్క మాటే మిగులుతుందండి. మిగతావి మెల్లగా రావొచ్చు" అన్నారు డాక్టరు గారు.

ఇంటికొచ్చాక నాకూ చెల్లెలికీ మొదట అంతా అయోమయమే. నెమ్మదిగా తెలిసొచ్చింది. పొట్టిగా అంటే వద్దని, సాగదీస్తే ఫ్యాన్ వేయమని. నేను బాపట్ల రైలుకు బయల్దేరుతుంటే గొంతు తగ్గించి అనేది. అది జాగ్రత్త అని.

కాస్త కూర్చోగలిగాక ఆమెను కొట్లోకి తీసుకెళ్లాం. ఒకరోజు రేపల్లె నుంచి ఒకావిడ, సీమంతం గాజులకని కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. నెలలు నిండుతున్న ఆ అమ్మాయి చేతులు ఉబ్బి ఉన్నాయి. చెల్లెలు ఎంత ప్రయత్నించినా గాజు ఎక్కలేదు. అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"డీల్!" అంది అమ్మ గట్టిగా. చెల్లెలు ఆగిపోయింది. అమ్మ ఎడమచేత్తో ఆ అమ్మాయి చెయ్యి తీసుకుంది. బొటనవేలు లోపలికి మడిచి, కణుపులు మెత్తగా నొక్కుతూ "డీల్... డీల్..." అంటూ పోయింది, పసిపిల్లను జోకొట్టినట్టు. చెల్లెల్ని చూసి తలూపింది. చెల్లెలు గాజు తొడిగితే నీళ్లలోకి జారినట్టు జారింది.

"ఏంటండీ, ఆవిడ ఏమంటున్నారు?" అడిగింది రేపల్లె ఆవిడ నన్ను.

నేను నోరు తెరిచేలోపే కూతురు అందుకుంది. "భయపడొద్దంటున్నారమ్మా. కాన్పు కూడా ఇంతే, గట్టిగా బిగుసుకోవద్దంటున్నారు."

అమ్మ అవునన్నట్టు కళ్లు మూసి తెరిచింది. రెండు చేతులకూ గాజులు నిండేదాకా నేను ఒక్కొక్కటే అందిస్తూ ఉన్నాను.

చలికాలం మొదట్లో ఓ మధ్యాహ్నం చెల్లెలు అన్నం వడ్డిస్తోంది. అమ్మ కంచం మీద చేయి అడ్డం పెట్టి, స్పష్టంగా, "చాలు" అంది.

చెల్లెలు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏంటమ్మా? ఏమన్నావ్? మళ్లీ అను!"

"చాలు" అంది అమ్మ. ఆ వెంటనే, తన గొంతు తనకే కొత్తగా వినపడినట్టు, మా ఇద్దరి ముఖాల్లోకీ చూసింది.